వెబ్ హోస్టింగ్ అపోహలు – వాస్తవాలు: ముందు డొమైన్ ఎవరి పేరున ఉందో చూడండి

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మోటార్లు, పంపులు, బేరింగులు అమ్మే దుకాణాల్లో గానీ, జనరల్ బజార్ బట్టల షాపుల్లో గానీ విజిటింగ్ కార్డు అడిగి చూడండి. చాలావాటి మీద ఫోన్ నంబరు కింద వెబ్‌సైట్ పేరు కూడా ఉంటుంది. ఆదిలాబాద్‌లోనో నాందేడ్‌లోనో ఉండి ఇక్కణ్ణుంచి సరుకు తెప్పించుకోవాలనుకునే వ్యాపారి ఫోన్ చేసే ముందు ఆ సైట్ ఒకసారి తెరిచి చూస్తాడు. తెరుచుకోకపోతే ఇంకో షాపుకు ఫోన్ చేస్తాడు. పోయిన బేరం సంగతి మీకు తెలియను కూడా తెలియదు. ఇంత ముఖ్యమైన హోస్టింగ్ ఎంపికను చాలామంది ‘నువ్వే ఏదో ఒకటి చూడు’ అంటూ సైట్ చేసే అబ్బాయికి వదిలేస్తున్నారు. దాని వెనక ఉన్నవి కొన్ని అపోహలే.

అపోహ: డొమైన్, హోస్టింగ్ అన్నీ సైట్ చేసినవాళ్లే చూసుకుంటారు. మనకెందుకు ఆ తలనొప్పి?

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. డొమైన్ వేరు, హోస్టింగ్ వేరు. హోస్టింగ్ అద్దె మడిగె లాంటిది, కుదరకపోతే ఖాళీ చేసి పక్క వీధికి మారొచ్చు. డొమైన్ మీ షాపు పేరు. అది వేరొకరి ఖాతాలో ఉంటే ఎంత మంచి హోస్టింగ్ దొరికినా మీరు అడుగు కదపలేరు. సాధారణంగా జరిగేది ఇదీ: డిజైనర్ తన ఈమెయిల్‌తో, తన కార్డుతో డొమైన్ కొంటాడు. కొన్నాళ్లకు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోతాడు. రెన్యువల్ నోటీసులు అతను తెరవని మెయిల్‌కు వెళ్తుంటాయి. డాట్ కామ్ పేరైతే గడువు ముగిశాక డొమైన్ అమ్మిన కంపెనీని, అంటే రిజిస్ట్రార్‌ను బట్టి గరిష్ఠంగా 45 రోజుల వెసులుబాటు ఉంటుంది. అదీ దాటితే 30 రోజుల రిడెంప్షన్ (విడిపించుకునే) గడువు, అందులో భారీగా అదనపు రుసుము కట్టాలి. ఆ తర్వాత మరో 5 రోజులకు ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. వెసులుబాటు రోజుల్లోనే పేరును వేలానికి పెట్టే రిజిస్ట్రార్లూ ఉన్నారు.

కాబట్టి ఇవాళే ఒక పని చేయండి. డొమైన్ ఖాతా లాగిన్ అడిగి తీసుకుని, లోపల రిజిస్ట్రంట్ అన్న చోట ఏ పేరు ఉందో చూడండి. అక్కడ మీ పేరో మీ సంస్థ పేరో ఉండాలి. ఈమెయిల్, మొబైల్ నంబరు మీవే అయి ఉండాలి. డొమైన్ ఎవరిదో బయటివారికి చూపే హూయిజ్‌లో వెతికితే ప్రైవసీ పేరుతో వివరాలు దాచి ఉంటాయి కాబట్టి అది చూసి తృప్తిపడొద్దు. ఖాతా మీదైతే రిజిస్ట్రార్‌ను మార్చుకోవడానికి కావాల్సిన బదిలీ కోడ్ అడిగిన 5 రోజుల్లోగా ఇవ్వాలన్నది డాట్ కామ్ పేర్లకు డొమైన్ వ్యవస్థను చూసే సంస్థ ఐకాన్ పెట్టిన నిబంధన. ఖాతా ఇంకొకరిదైతే ఆ నిబంధన మీకు అక్కరకు రాదు.

అపోహ: చిన్న షాపుకు ఉచిత సైట్ చాలు.

వాస్తవం: గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా వచ్చే చిన్న వెబ్‌సైట్‌ను మన దగ్గర ఎన్నో దుకాణాలు వాడుకున్నాయి. గూగుల్ 2024 మార్చిలో ఆ సైట్లను ఆపేసింది. జూన్ 10 దాకా ఆ చిరునామా కొట్టినవారిని షాపు ప్రొఫైల్‌కు పంపింది, తర్వాత అదీ లేదు. కార్డుల మీద, బిల్లు పుస్తకాల మీద అచ్చేయించిన చిరునామా అక్కరకు రాకుండా పోయింది. ఉచితంగా వచ్చింది వాడుకోండి, తప్పులేదు. కార్డు మీద మాత్రం మీ సొంత డొమైనే వేయించండి.

అపోహ: బ్యాకప్ హోస్టింగ్ కంపెనీయే తీస్తుంది.

వాస్తవం: 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడింది. యూరప్‌లోనే పెద్ద హోస్టింగ్ సంస్థల్లో ఓవీహెచ్ ఒకటి. ఒక భవనం పూర్తిగా, పక్కది కొంత కాలిపోయాయి. బ్యాకప్ ఉందని నిశ్చింతగా ఉన్న కొందరు కస్టమర్లకు ఆ బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉండేదని మంటలు ఆరాక తెలిసింది. కొందరు కోర్టుకెక్కారు. చిన్నాచితకా కంపెనీ కాదు, దాని సేవలు నాసిరకమూ కాదు. అయినా అలా జరిగింది.

కంపెనీ తీసే బ్యాకప్‌తో పాటు మీ చేతిలో ఒక కాపీ ఉండి తీరాలి. హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్‌లో పూర్తి బ్యాకప్ దించుకునే వీలుందో లేదో కొనక ముందే అడగండి. సైట్ వర్డ్‌ప్రెస్‌లో ఉంటే దించుకున్న జిప్ ఫైలు తెరిచి రెండు చూడాలి. ఒకటి డబ్ల్యూపీ-కంటెంట్ అనే ఫోల్డర్, మీ ఫొటోలు, డిజైను అందులో ఉంటాయి. రెండోది ఎస్‌క్యూఎల్ అన్న ముగింపుతో ఉండే డేటాబేస్ ఫైలు. సరుకుల పేర్లు, ధరలు, ఆర్డర్లు అన్నీ ఉండేది దాంట్లోనే. అది లేని బ్యాకప్ ఫొటోల మూట మాత్రమే. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక హార్డ్‌డిస్క్ కొని నెలకోసారి అందులో వేసుకోండి. రోజూ ఆర్డర్లు వచ్చే సైటైతే నెల చాలదు, రోజువారీ కాపీ వేరే చోటికి వెళ్లేలా ఏర్పాటు చేయించండి. ఏడాదికి ఒకసారైనా ఆ కాపీతో సైట్‌ను వేరేచోట తిరిగి నిలబెట్టి చూడమని మీ మనిషికి చెప్పండి. అలా చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ కింద లెక్కవేయను.

అపోహ: 99.9 శాతం అప్‌టైమ్ అంటే సైట్ ఎప్పుడూ ఆగదు.

వాస్తవం: ఏడాదికి 8,760 గంటలు. అందులో 0.1 శాతమంటే దాదాపు 8 గంటల 45 నిమిషాలు. అర్ధరాత్రి ముక్కలు ముక్కలుగా పోతే ఎవరికీ పట్టదు. దసరా ముందు శనివారం ఒక్కసారే పోతే? మాట తప్పినందుకు కంపెనీ ఇచ్చేది సాధారణంగా హోస్టింగ్ ఫీజులో కొంత తగ్గింపు, అంతే. మీ బేరం నష్టంతో దానికి సంబంధం ఉండదు. ముందే చెప్పి చేసే మరమ్మతుల సమయాన్ని ఈ లెక్కలో చాలా కంపెనీలు కలపవు. శాతాల కన్నా కస్టమర్ సపోర్ట్‌ను పరీక్షించడం మేలు. డబ్బు కట్టక ముందే ఆదివారం రాత్రి ఒక ప్రశ్న పంపండి. మనిషి జవాబిచ్చాడా, ఎంతసేపటికి ఇచ్చాడు, అడిగినదానికే చెప్పాడా అన్నది చూస్తే చాలా తెలిసిపోతుంది.

అపోహ: అన్‌లిమిటెడ్ ప్లాన్‌లో ఏ పరిమితీ ఉండదు.

వాస్తవం: షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద ఎన్నో సైట్లు ఉంటాయి. ప్రాసెసర్, మెమరీ, ఫైళ్ల సంఖ్య వంటివాటికి పరిమితులు నిబంధనల పేజీలో రాసే ఉంటాయి. కేటలాగు, చిరునామా, ఫోన్ నంబరు ఉండే సైట్‌కు అవి సరిపోతాయి, భయపడక్కర్లేదు. చూడాల్సింది రెన్యువల్ ధర. పెద్ద అక్షరాల్లో కనిపించేది మొదటి విడత ధర, అదీ చాలాసార్లు మూడు నాలుగేళ్లకు ఒకేసారి కడితేనే. ఆ తర్వాత ధర కొన్ని రెట్లు పెరగొచ్చు. పైన 18 శాతం జీఎస్టీ. బ్రౌజర్‌కూ సైట్‌కూ మధ్య సమాచారాన్ని భద్రంగా ఉంచే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కు వేరే డబ్బు అడిగితే మాత్రం ఎందుకని నిలదీయండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 నుంచి వాటిని ఉచితంగానే ఇస్తోంది.

అపోహ: సర్వర్ హైదరాబాద్‌లోనే ఉండాలి, అప్పుడే సైట్ వేగంగా తెరుచుకుంటుంది.

వాస్తవం: సగం నిజం. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన డేటా సెంటర్ల రీజియన్లు తెరిచింది. మన కస్టమర్‌కు ఈ రెండిటి మధ్య తేడా తెలియదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, ముంబై 600 కిలోమీటర్ల పైచిలుకు దూరమే. అమెరికా తూర్పు తీరం 13 వేల కిలోమీటర్ల అవతల ఉంది. ఒక్కసారి వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. పేజీలో మొదటి అక్షరం రాకముందే బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య సాధారణంగా రెండు మూడు రాకపోకలు జరగాలి. సర్వర్ మన దేశంలో ఉంటే చాలు. ఆ పైన వేగాన్ని చంపేది ఫోన్‌తో తీసి, సైజు తగ్గించకుండా పెట్టేసిన 5 ఎంబీ ఫొటోలే.

అపోహ: ఇంటర్నెట్‌లో ‘టాప్ 10’ జాబితా చూసి ఎంచుకుంటే మోసపోం.

వాస్తవం: అలాంటి జాబితాల్లో చాలావాటికి లింకు ద్వారా కొన్న ప్రతి కస్టమర్‌కూ కమిషన్ ముడుతుంది. పైగా వేర్వేరు పేర్లన్నీ వేర్వేరు కంపెనీలు కావు. మన దేశంలో పుట్టిన బిగ్‌రాక్‌ను 2014లో అమెరికా సంస్థ ఎండ్యూరెన్స్ కొనేసింది. బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్ కూడా దానివే. 2021 నుంచి ఆ గొడుగు పేరు న్యూఫోల్డ్ డిజిటల్. ఒకదాని మీద విసిగి ఇంకోదానికి మారేవారు ఈ సంగతి తెలుసుకుని మారడం మంచిది.

అపోహ: ఒకసారి తీసుకున్నాక హోస్టింగ్ మార్చడం అయ్యే పని కాదు.

వాస్తవం: డొమైన్ మీ పేరున, కాపీ మీ చేతిలో ఉంటే చిన్న సైట్‌కు ఇది ఒక పూట పని. ముందు కొత్త చోట సైట్ నిలబెట్టి, అన్ని పేజీలూ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే డొమైన్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే డీఎన్ఎస్ మార్చాలి. మార్పు అందరికీ చేరడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. పాత హోస్టింగ్‌ను ఆ వారమంతా రద్దు చేయొద్దు. షాపు ఈమెయిళ్లు కూడా అక్కడే ఉంటే వాటిని ముందే దించుకోవాలి, ఎందుకంటే ఖాతా మూసేశాక పాత కొటేషన్లు, ఆర్డర్ల మెయిళ్లు తిరిగి వస్తాయన్న నమ్మకం లేదు.