చితాభస్మం నుంచి లేచిన కన్యలు

అర్ధరాత్రి శ్మశానం, భుజాన శవం, చేత కరవాలం, పెదవి విప్పరాని రాజు. ఈ బొమ్మను తెలుగు పాఠకునికి పరిచయం చేయనక్కరలేదు. 1947లో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన ‘చందమామ’లో బేతాళ కథలు దశాబ్దాల తరబడి వెలువడ్డాయి. వాటికి రూపమిచ్చిన చిత్రకారుడు శంకర్ 2020లో కన్నుమూయగా, 2021లో ఆయనకు మరణానంతరం పద్మశ్రీ లభించింది. 1949 నుంచి హిందీ ‘చందమామ’ కూడా వచ్చింది గనుక, భిలాయి ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని రిసాలి వంటి చోట్ల స్థిరపడిన తెలుగువారి పిల్లలు ఇంట తెలుగులోను, బడి స్నేహితుల వద్ద హిందీలోను ఒకే బేతాళుణ్ణి కలుసుకోగలిగారు.

మూలంలోని పాతిక కథలు ఎన్నాళ్ళని వస్తాయి? అవి చాలక అదే చట్రంలో కొత్త కథలు అల్లవలసి వచ్చింది. పిల్లల పత్రిక కాబట్టి వాటిలో భయం పాలు తగ్గింది, నీతి పాలు పెరిగింది. అసలు కథలు అంత సాధువైనవి కావు. పదకొండవ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు ‘కథాసరిత్సాగరం’లో చేర్చిన ఈ కథల్లో ప్రేమ, పీనుగు పక్కపక్కనే ఉంటాయి. అందులోని రాజు త్రివిక్రమసేనుడు ఏలినది గోదావరి తీరాన ఉన్న ప్రతిష్ఠానాన్ని. అంటే ఆ శ్మశానం మనకు మరీ దూరం కాదు.

వాటిలో మందారవతి కథ ఒకటి. ఆమె చేయి కోరి ముగ్గురు యువకులు వచ్చారు. ఎవరికిచ్చినా తక్కిన ఇద్దరూ ప్రాణాలు తీసుకుంటారన్న భయంతో తండ్రి ఎవరికీ ఇవ్వలేదు. ఇంతలో జ్వరం వచ్చి ఆమె మరణించింది. ఒకడు శ్మశానంలోనే గుడిసె వేసుకొని ఆమె చితాభస్మం మీద పడుకున్నాడు. రెండవవాడు అస్థికలు తీసుకొని గంగకు బయలుదేరాడు. మూడవవాడు సన్యసించి దేశాలు పట్టాడు. ఒక ఇంట భోజనానికి కూర్చున్నప్పుడు, ఏడుస్తున్న పసివాణ్ణి తల్లి విసుగుతో మండే నిప్పుల్లోకి విసరివేయటం చూశాడు. అన్నం ముట్టక లేచిపోబోతుండగా ఇంటి యజమాని మంత్రం చదివి బిడ్డను బ్రతికించాడు. ఆ రాత్రే మంత్రపుస్తకం దొంగిలించి సన్యాసి శ్మశానానికి పరుగెత్తాడు. మందారవతి బూడిదలో నుంచి మునుపటికన్న అందంగా లేచి నిలబడింది. ముగ్గురూ మళ్ళీ తగువుకు దిగారు.

రాజు తీర్పు ప్రసిద్ధమైనది. ప్రాణం పోసినవాడు తండ్రి. అస్థికలు మోసినవాడు కొడుకు. ఆమె బూడిదను కౌగిలించుకొని పడుకున్నవాడే భర్త.

ఇటువంటి కన్య జపాన్‌లోనూ ఉంది. రుమికో తకహాషి 1996 నుంచి 2008 వరకు ఒక వారపత్రికలో గీసిన బొమ్మల ధారావాహిక ‘ఇనుయాషా’ పుస్తకరూపంలో 56 సంపుటాలయింది. అందులో కిక్యో అనే పూజారిణి, సగం మనిషి, సగం రాక్షసుడైన ఇనుయాషా ప్రేమించుకుంటారు. మూడవవాడొకడు కామరూప విద్యతో ఒకరి వేషంలో మరొకరిని వంచించి వారిని శత్రువులను చేస్తాడు. ఆమె ప్రియుణ్ణి బాణంతో చెట్టుకు బంధించి, తన గాయంతో తానూ మరణిస్తుంది. యాభై ఏళ్ళకు ఒక మంత్రగత్తె ఆమె ఎముకలను, సమాధిమట్టిని దొంగిలించి కొత్త దేహం చేస్తుంది.

సామగ్రి దాదాపు ఒకటే: ఎముకలు, మన్ను, మంత్రం, దొంగతనం. అయితే కిక్యో లేచిన తరువాత ఊరుకోదు. ప్రియుడే తనను చంపాడన్న నమ్మకంతో అతని మీద విరుచుకుపడుతుంది. చనిపోయిన స్త్రీల ఆత్మలను గ్రహిస్తేగాని ఆ మట్టిదేహం కదలదు. అయినా ఆమె కోపం, ప్రేమ ఆమెవే. నన్నడిగితే ఆ కథలో అందరికన్న భయంకరమైన పాత్ర ఆమే, అందరికన్న జాలిగొలిపేదీ ఆమే.

మందారవతికి కోపం వచ్చిందో, సంతోషం కలిగిందో సోమదేవుడు చెప్పడు. ముగ్గురు ఆమెకోసం పోట్లాడారు, బేతాళుడు ప్రశ్న వేశాడు, రాజు జవాబు చెప్పాడు. రాజు నోరు విప్పగానే శవం భుజం మీది నుంచి మాయమై చెట్టెక్కింది. ఆ కన్యను ఎవరూ ఏమీ అడగలేదు.