ఇంటికప్పు గుత్తకిచ్చునప్పుడు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత నెరుగనివారు మన రైతులలో లేరు. పెండ్లిలో లోపము జరిగినచో బంధువులు నాలుగు దినములు చెప్పుకొని మరచిపోవుదురు. ఇంటికప్పులో జరిగిన లోపము అట్టిది కాదు. అది మొదటి వానకు చెమ్మగా కనబడును. కొన్నియేండ్లకు పెచ్చులుగా రాలును. కడపట క్రింద నిద్రించువారి ప్రాణములకే ముప్పు తెచ్చును.

మాఘమాసము మొదలు రోహిణికార్తె వెళ్లువరకు మన గ్రామములలో కప్పుపని ముమ్మరముగా జరుగును. ఆ దినములలో పంటసొమ్ము చేతిలోనుండును. మృగశిర ప్రవేశించునప్పటికి పని ముగియవలెనను తొందరయు నుండును. సొమ్మును తొందరయు కలిసిన వేళనే మనుష్యుడు మోసపోవును. ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచి, నడిపించి, కాడి మోపినగాని బేరమాడని రైతు, జీవితకాలమున ఒక్కసారి వేయించు కప్పును నోటిమాటపై అప్పగించుట మేము పలుచోట్ల చూచుచున్నాము. ఈ విషయమున మా సభ్యులు గమనింపదగిన సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

గోడ వంకరయైనచో కట్టుచుండగనే కంటికి కనబడును. తలుపు బిగియకున్నచో వడ్రంగిని మరల పిలువవచ్చును. శ్లాబులోని కడ్డీలు మాత్రము ఒక్క పూటలో కాంక్రీటు క్రింద దాగిపోవును. కావున కప్పిన పిదప కనబడనిదానిని కప్పకమునుపే చూచుకొనవలెను. అట్లు చూచుకొను హక్కును బేరమునాడే వ్రాసికొనవలెను. మేము చెప్పదలచినదంతయు ఈ మాటలోనే యున్నది.

గుత్త తీరులు

కప్పుపని మన పల్లెలలో మూడు తీరుల నడచుచున్నది. మొదటిది రోజుకూలి. రెండవది కూలి గుత్త. సామాను రైతు తెచ్చియిచ్చును, మేస్త్రీ చదరపు అడుగున కింతయని కూలి మాత్రము తీసికొనును. మూడవది సామానుతోకూడ గుత్త. దేని లోపము దానికి గలదు. రోజుకూలిలో పని సాగును. కూలి గుత్తలో పని త్వరపడును. సామాను గుత్తలో సామాను తగ్గును. ఏ తీరున నిచ్చినను దానికి సహజమైన లోపమునే రైతు కనిపెట్టియుండవలెను. పనివద్ద నిలిచి చూచుకొనగలవారికి కూలి గుత్త మేలని మా అభిప్రాయము. అందు సిమెంటును, ఇనుమును మన చేతితో కొన్నవి యగును.

మేస్త్రీని ఎన్నుకొనుట

మేస్త్రీ నిన్నమొన్న వేసిన కప్పును చూపినంతమాత్రమున చాలదు. క్రొత్తకప్పు లన్నియు బాగుగనే యుండును. మూడు నాలుగు వానకాలములు గడచిన కప్పులను మూడింటిని చూపుమనవలెను. లోపలికి పోయి తలయెత్తి చూడుడు. చెమ్మ మరకలున్నవా? కడ్డీల వెంబడి తిన్నని తుప్పు గీతలున్నవా? అట్టి గీతలు కడ్డీకి తగినంత కాంక్రీటు మరుగు లేదని తెలుపు గురుతులు. మిద్దెపై కెక్కి నీరు నిలిచిన జాడలున్నవేమో చూచినచో, వాటము సరిగా తీసెనో లేదో తెలియును.

పిమ్మట ఆ యింటి యజమానిని నాలుగు ప్రశ్నలడుగవలెను. చెప్పిన దినమునకు వచ్చెనా? పని నడుమ రేటు పెంచెనా? కూలివారికి సరిగా ముట్టజెప్పెనా? సొమ్మంతయు అందిన పిదప పిలిచినచో వచ్చెనా? కూలివారికి సొమ్మీయని గుత్తేదారుని పని నడుమ నిలిచిపోవును గనుక మూడవ ప్రశ్నను తేలికగా నెంచరాదు. నాలుగవ ప్రశ్నకు అవునను జవాబు వచ్చినచో ఆతడు నమ్మదగినవాడనుట కంతకన్న మంచి గురుతు లేదు. బావమరది యనియో, ఒక ఊరివాడనియో పని యిచ్చువారు గలరు. బంధుత్వము కాంక్రీటునకు బలము నీయదు.

చవుక బేరము

కనీసము ముగ్గురిని అడిగి, ఒకే కొలతలపై వేరువేరుగా అంచనాలు వ్రాయించుకొనవలెను. అందరికన్న తక్కువ చెప్పినవానిని వెంటనే నమ్మరాదు. ఆ తగ్గింపు ఎక్కడనుండి వచ్చుచున్నదో లెక్క చూడవలెను.

ఉదాహరణము: 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల శ్లాబు 300 చదరపు అడుగులు. అయిదంగుళముల మందము వేసినచో కాంక్రీటు 125 ఘనపు అడుగులు, అనగా సుమారు మూడున్నర ఘనపు మీటరులు. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర చొప్పున కలిపినచో ఘనపు మీటరునకు సుమారు 8 బస్తాలు పట్టును. అనగా దూలములు గాక ఈ శ్లాబునకు 28 బస్తాల సిమెంటు కావలెను. ఒక గుత్తేదారు 20 బస్తాలతోనే ముగింతునని చెప్పినచో, ఆతడు మనకు చవుకగా నిచ్చుటలేదు. మందమునో, పాలునో తగ్గించుచున్నాడు.

ఇనుమునకును లెక్క గలదు. 12 మీటరుల పొడవుగల కడ్డీ 8 మి.మీ. దైనచో సుమారు నాలుగుముప్పావు కిలోలు, 10 మి.మీ. దైనచో సుమారు 7 కిలోల 400 గ్రాములు, 12 మి.మీ. దైనచో సుమారు 10 కిలోల 650 గ్రాములు తూగవలెను. కొద్ది హెచ్చుతగ్గులు సహజము. మిక్కిలి తక్కువ తూగినచో ఆ కడ్డీ చెప్పిన లావు గలది కాదు. ధాన్యమును తూచుకొను రైతునకు కడ్డీని తూచుట కష్టము కాదు.

ఒడంబడిక

1872 నాటి భారత ఒడంబడికల చట్టము నోటిమాటను గూడ ఒడంబడికగా నంగీకరించును. కాని నోటిమాటకు ఋజువు దొరకుట కష్టము. మన సంఘములో అప్పు పుచ్చుకొనునప్పుడు పత్రము వ్రాసి, జామీను పెట్టి, సాక్షులచే సంతకములు చేయింతుము. ఆ అప్పుతో వేయించు కప్పునకు మాత్రము పత్రము వలదా? తగిన స్టాంపు కాగితముపై ఈ క్రింది సంగతులు వ్రాసికొనవలెను.

(1) శ్లాబు కొలతలు, మందము, కాంక్రీటు పాళ్లు. (2) కడ్డీల లావు, వాని నడుమ ఎడము; వీనిని గుత్తేదారుతో సంబంధము లేని ఇంజనీరుచే లెక్క వేయించి పత్రమునకు జతపరచవలెను. (3) సెంట్రింగు కర్రలు, రేకులు, కలుపు యంత్రము, వైబ్రేటరు ఎవరు తేవలెను. (4) పని మొదలిడు దినము, ముగించు దినము. (5) కడ్డీలు కట్టిన పిదప ఇంజనీరు చూచి సరియనువరకు కాంక్రీటు పోయరాదను షరతు. (6) కారుట కలిగినచో ఎంతకాలము వరకు తన ఖర్చుతో బాగుచేయవలెను. (7) సొమ్ము చెల్లించు విధము.

ఈ కడపటి షరతే తక్కినవానికి కాపలా. పదిపాళ్లలో ఒకపాలు బయానా. కడ్డీలు కట్టి తనిఖీ ముగిసిన పిదప మూడుపాళ్లు. కాంక్రీటు పోసిన పిదప మూడుపాళ్లు. ఊతకర్రలు తీసినపిదప రెండుపాళ్లు. మిగిలిన ఒకపాలు మొదటి వానకాలము వెళ్లిన పిదప ఇచ్చుట మంచి పద్ధతి. ప్రతి చెల్లింపునకు రసీదు పుచ్చుకొనవలెను. అట్లే రైతును తన మాట నిలుపుకొనవలెను. పని నడుమ గది పెంచుమని, మెట్లు మార్చుమని చెప్పి పాత రేటునకే చేయుమనుట, వాయిదాకు సొమ్మీయక త్రిప్పుట న్యాయము కాదు. మంచి మేస్త్రీలు మన గ్రామమునకు రాకుండుటకు ఇట్టి నడవడియు ఒక కారణము.

కాంక్రీటు పోయుటకు ముందు

సిమెంటు బస్తాపై నింపిన వారమును, సంవత్సరమును అచ్చువేయబడియుండును. మూడునెలలు దాటినదియు, గడ్డకట్టినదియు పనికిరాదు. ఉప్పుతగిలిన సముద్రపు టిసుకను వాడినచో లోపలి ఇనుము తుప్పుపట్టును. పాళ్లను పారతో అందాజుగా వేయక, ఒకటింబావు ఘనపు అడుగుల కొలపెట్టె చేయించి కొలువవలెను. బస్తాకు ఒకటిన్నర పెట్టెల ఇసుక, మూడు పెట్టెల కంకర. నీరు బస్తాకు 30 లీటరులకు మించరాదు. పలుచగానున్న కాంక్రీటు పరచుట కూలివారికి సులభము. కాని హెచ్చుపోసిన ప్రతి చెంబును బలమును తీసివేయును.

కడ్డీలు సెంట్రింగు రేకులకు ఆనియుండరాదు. వాని క్రింద సిమెంటు బిళ్ళలుంచి ఎత్తవలెను. గోడనుండి బయటికి చాచిన సజ్జ విషయమై మరింత జాగ్రత్త వలయును. గదిపై శ్లాబులో నడుమ భాగమున ముఖ్యమైన కడ్డీలు అడుగున నుండును; సజ్జలో అవి పైభాగమున నుండవలెను. కూలివారు త్రొక్కి వానిని క్రిందికి అణచినచో సజ్జ నిలువదు. ఊతకర్రలు తీసిన దినముననే కూలవచ్చును. కావున కాంక్రీటు పోయుచున్నంతసేపును ఒకరు ఆచోట నిలిచి కడ్డీలను పైకెత్తించుచుండవలెను.

ఇంటిమీదుగా కరెంటు తీగెలు పోవుచున్నచో కడ్డీలను పైకెక్కించుటకు ముందే విద్యుచ్ఛాఖవారికి తెలిపి సరఫరా నిలిపించవలెను. పొడవైన కడ్డీ తీగెకు తగిలినచో పనివాని ప్రాణము పోవును.

పోసిన పిదప

రోహిణి యెండలలో వేసిన కప్పు నీరు లేక ఎండినచో బీటలువారును. నారుమడికి గట్లు కట్టినట్లు శ్లాబుపై చిన్న మడులు కట్టి నీరు నిలుపవలెను. పదునాలుగు దినములు తడియారకుండ చూచుట క్షేమము. ఇందుకు మేస్త్రీపై ఆధారపడక ఇంటివారే పూనుకొనుట మంచిది. ఊతకర్రల సంగతి: భారతీయ ప్రమాణముల సంస్థవారు 2000 సంవత్సరమున ప్రకటించిన 456వ ప్రమాణమున, నాలుగున్నర మీటరులలోపు వెడల్పుగల శ్లాబునకు కనీసము 7 దినములు, అంతకు మించినచో కనీసము 14 దినములు కర్రలుంచవలెనని గలదు. వేరొక యింటి పనికి కర్రలు కావలెనని మేస్త్రీ తొందరపెట్టినను అంగీకరింపరాదు.

రేకులు, పెంకులు

కోస్తాజిల్లాలలోని సభ్యులు గాలిని గూడ లెక్కింపవలెను. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనయు, 2014 అక్టోబరు 12వ తేదీని విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానును మరువదగినవి కావు. పెనుగాలి కప్పును క్రిందికి అణచుటకన్న పైకి లేపుట హెచ్చు. చూరువద్దను, కొప్పువద్దను ఆ లాగుడు మరింత బలముగా నుండును. కావున వాసములను దూలములకును, దూలములను గోడకును ఇనుపపట్టీలతో బంధింపవలెను. రేకుల మరలను పల్లములలోగాక మిట్టలపై వేసి, ఉతికెలు బిగించినచో నీరు కారదు. పెంకును వ్రేలితో మీటినచో ఖంగుమని మ్రోగవలెను; మోటుగా పలికినది పగిలినదో, సరిగా కాలనిదో యగును. పాత ఆస్‌బెస్టాస్ రేకులను పగులగొట్టి తీయరాదు. వాని ధూళి ఊపిరితిత్తులకు హానికరము, కేన్సరు కారకము.

వివాదము వచ్చినచో

ముందు లోపములను ఫోటోలు తీయించి, గుత్తేదారునకు వ్రాతమూలకముగా తెలిపి, గడువీయవలెను. పెద్దల సమక్షమున పరిష్కారము కానిచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము గలదు. ఇంటి నిర్మాణమును ఆ చట్టము సేవలలో చేర్చినది. వ్యాజ్యమునకు కారణము కలిగిన రెండేండ్లలోపల జిల్లా కమీషనునకు ఫిర్యాదు చేసికొనవలెను. చెల్లించిన ప్రతిఫలము అయిదు లక్షల రూపాయలకు లోపైనచో రుసుము లేదు. అచ్చట కమీషను అడుగునది ఒడంబడికయు, రసీదులును. అవి లేనివాని గోడు వినుటకే గాని తీర్చుటకు వీలుపడదు.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్కరుగా నున్నప్పుడు రైతు బలహీనుడు. ప్రతి సంఘమును తన కార్యాలయమున ఒక పుస్తకముంచి, కప్పు వేయించిన సభ్యులచే మేస్త్రీ పని ఎట్లుండెనో, రెండు వానకాలముల పిదప కప్పు ఎట్లున్నదో వ్రాయించినచో, తరువాత కట్టువారికి ఎంతయో మేలగును. మంచి మేస్త్రీకి అది పేరు తెచ్చును. కానివానికి హెచ్చరిక యగును. ఒకే ఏట ఇండ్లు వేయువారు కలిసి సిమెంటు, ఇనుము తెప్పించుకొనినచో ధరయు కలిసివచ్చును. ఒక ఇంజనీరును అందరును కలిసి పిలిపించుకొనవచ్చును.

ఈ వేసవిని కప్పు వేయింపదలచిన సభ్యులు బయానా యిచ్చుటకు ముందే పత్రము వ్రాయించి, కాంక్రీటు కప్పుటకు ముందే కడ్డీలను చూపించుకొందురుగాక.