ఏ వరంగల్ లెక్క?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత 2015-16లో జరిగింది. అందులో వరంగల్ అనే జిల్లా ఒకటే ఉంది. అయిదో విడత కోసం తెలంగాణలో 2019 జూన్ చివరి నుంచి నవంబర్ దాకా ఇళ్లు తిరిగారు. అందులో ఉత్త వరంగల్ లేదు. వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని రెండున్నాయి. 2021 ఆగస్టులో అర్బన్‌కు హనుమకొండ అని, రూరల్‌కు వరంగల్ అని పేర్లు వచ్చాయి. మార్పు పేర్లతో ఆగలేదు. పరకాల, ఆత్మకూరు, శాయంపేట హనుమకొండలోకి వెళ్లాయి. ఖిలా వరంగల్ మండలం కొత్త వరంగల్‌లోకి వచ్చింది. రెండు విడతల పట్టికలు పక్కపక్కన పెట్టి ‘వరంగల్‌లో బాల్య వివాహాలు ఇంత తగ్గాయి’ అని ఎవరైనా రాస్తే, ముందు అడగాల్సింది ఏ వరంగల్ అనే.

విడిపోయిన జిల్లాలన్నీ కలిపేస్తే పాత వరంగల్ వస్తుంది కదా అనిపిస్తుంది. సరిగ్గా రాదు. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి కరీంనగర్ నుంచి వరంగల్ అర్బన్‌కు వచ్చాయి. చేర్యాల సిద్దిపేటకు పోయింది. కరీంనగర్‌లోని కాటారం, మహదేవపూర్ పాత వరంగల్ నుంచి విడిపోయిన భూపాలపల్లి జిల్లాలో కలిశాయి. కలిపితే దగ్గరి అంచనా దొరుకుతుంది. దాన్ని అంచనా అని చెప్పి వాడుకోవచ్చు.

దేశాలను పోల్చే సామాజిక సర్వేల్లో పని చాలావరకు ఇలాంటిదే. పోల్చేవి నిజంగా ఒకే కొలతతో కొలిచినవేనా అని చూడటం.

మన కుటుంబ ఆరోగ్య సర్వే ఒంటరిది కాదు. 1984లో అమెరికా ప్రభుత్వ నిధులతో డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వేస్ అనే కార్యక్రమం మొదలైంది. 90కి పైగా దేశాల్లో 400కు పైగా సర్వేలు దాని కింద జరిగాయి. మనది ఆ కుటుంబంలోదే. కేంద్ర ఆరోగ్య శాఖ తరఫున ముంబైలోని ఐఐపీఎస్ అనే సంస్థ దీన్ని నడుపుతుంది. ప్రశ్నల వరుస, ఇళ్లను ఎంచే పద్ధతి, చివరికి డేటా ఫైల్లో గడుల పేర్లు కూడా చాలావరకు దేశదేశానికీ ఒకటే. స్త్రీ వయసు భారత్ ఫైల్లో వి012 అనే గడిలో ఉంటే, కెన్యా ఫైల్లోనూ అదే గడిలో ఉంటుంది. అందుకే కాకతీయ విశ్వవిద్యాలయంలో చదివే అమ్మాయి తన లాప్‌టాప్ మీద తెలంగాణ తల్లుల చదువును కెన్యా తల్లుల చదువుతో పోల్చగలదు. ఆమెకు కావాల్సింది మైక్రోడేటా (పేర్లు తీసేసి, ఒక్కో మనిషి జవాబులను ఒక్కో వరుసలో పెట్టిన ఫైలు). దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఏ పని కోసమో రాసి దరఖాస్తు పెట్టుకోవాలి, అంతే.

ఫైలు చేతికొచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది.

మొదటిది, ఎవరిని అడిగారు అన్నది. మన దగ్గర మూడో విడత, అంటే 2005-06 నుంచి, పెళ్లి అయినా కాకపోయినా 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలందరినీ అడుగుతున్నారు. రెండో విడతలో పెళ్లయినవాళ్లనే అడిగారు. బంగ్లాదేశ్ సర్వే కూడా పెళ్లయినవాళ్లతోనే నడుస్తుంది. పెళ్లి కాని అమ్మాయిలు సాధారణంగా చిన్నవాళ్లు, బడికి వెళ్లినవాళ్లు. వాళ్లను ఒకచోట కలిపి, ఇంకోచోట వదిలేసి అక్షరాస్యత పోలిస్తే మనం ఉన్నదానికన్నా ముందున్నట్టు కనిపిస్తాం. అక్కడ పెళ్లయినవాళ్లతో ఇక్కడ పెళ్లయినవాళ్లనే పోల్చాలి.

రెండోది వెయిట్ (ఒక్కో జవాబుకు ఎంత బరువివ్వాలో చెప్పే అంకె). కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఆగుదాం. అయిదో విడతకు ముందుగా 2011 జనాభా లెక్కల నుంచి ఊళ్లను, పట్టణాల్లోని చిన్న చిన్న ప్రాంతాలను ఎంచారు. 300 ఇళ్లకు మించిన ఊరిని ముక్కలు చేసి రెండు ముక్కలు తీసుకున్నారు. ఎంచిన చోట ఇళ్లన్నీ జాబితా రాసి, అందులోంచి 22 ఇళ్లు తీశారు. ప్రతి జిల్లాకూ విడిగా ఫలితం చెప్పాలన్నది లక్ష్యం కాబట్టి, చిన్న జిల్లాలోనూ పెద్ద జిల్లాలోనూ అడిగిన ఇళ్ల సంఖ్య ఒకదానికొకటి దగ్గరగానే ఉంటుంది. దీనివల్ల ఏమవుతుంది? హైదరాబాద్‌లో ఒక్కో ఇల్లు ఎన్నో ఇళ్ల తరఫున మాట్లాడుతుంది. భూపాలపల్లిలో ఒక్కో ఇల్లు అంతకంటే చాలా తక్కువ ఇళ్ల తరఫున మాట్లాడుతుంది. అన్నిటినీ సమానంగా కూడితే భూపాలపల్లి లాంటి చిన్న జిల్లాల మాట రాష్ట్ర సగటులో ఉండాల్సినదానికన్నా ఎక్కువ వినిపిస్తుంది. దీన్ని సరిచేసే అంకె వి005 గడిలో ఉంటుంది. దశాంశాలు లేకుండా రాసి ఉంటుంది కనుక 10 లక్షలతో భాగించి వాడాలి. పైగా రాష్ట్రం వరకే లెక్క చూసేటప్పుడు వాడేందుకు వేరే వెయిట్ ఉంది.

మూడోది అచ్చయిన పట్టికల్లోని గుర్తులు. జిల్లా పట్టికలో కొన్ని అంకెలు బ్రాకెట్లలో ఉంటాయి, కొన్నిచోట్ల ఉత్త నక్షత్రం గుర్తు ఉంటుంది. బ్రాకెట్ అంటే ఆ శాతం 25 నుంచి 49 మంది జవాబుల మీదే నిలబడిందని. నక్షత్రం అంటే 25 మంది కూడా లేరని, అందుకే అంకె ఇవ్వలేదని. పత్రికల్లో ఈ గుర్తులు తరచూ రాలిపోతాయి. గృహహింస ప్రశ్నలను కొద్ది శాతం ఇళ్లలోనే అడిగారు, కాబట్టి వాటికి జిల్లా అంకే లేదు. ఉందని ఎవరైనా చెబితే అనుమానించండి.

ఇప్పుడెందుకు ఈ మాట? 2025 ఫిబ్రవరిలో అమెరికా తన విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్ నిధులు ఆపేయడంతో డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వేస్ కార్యక్రమం నిలిచిపోయింది. మైక్రోడేటా కోసం కొత్త దరఖాస్తులు తీసుకోవడం కొంతకాలం ఆగింది. మనకు సొంత సంస్థ ఉంది, ఆరో విడతకు 2023-24లో ఇళ్లు తిరిగారు కూడా. చిన్న దేశాలకు ఆ వెసులుబాటు లేదు. నాకు పెద్ద నష్టంగా కనిపించేది ఇంకొకటి. అందరి ప్రశ్నలూ ఒకేలా ఉండేట్టు చూసే కాపలాదారు పోతే, ప్రతి దేశమూ తన అవసరం కొద్దీ ప్రశ్న మార్చుకుంటుంది. సర్వేలు ఉంటాయి, పోలిక ఉండదు.

పాత ఫైళ్లను ఒకే కొలతకు తెచ్చే పని అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఐపమ్స్ పేరుతో చేస్తోంది. భారత్ విడతలు అందులో ఉన్నాయి. తెలుగు నేల మీది మరో ఖజానా ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే యంగ్ లైవ్స్. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి ఎంచుకున్న పిల్లలనే పెద్దయ్యేదాకా అడుగుతూ వచ్చింది. మనకు దగ్గర్లోని కరీంనగర్ అందులో ఉంది, వరంగల్ లేదు. పేద ప్రాంతాలను కావాలనే ఎక్కువగా ఎంచుకున్న సర్వే అది. కాలంతో పాటు ఒక బిడ్డ బతుకు ఎలా మారిందో చెబుతుంది గానీ, రాష్ట్ర సగటు అడిగితే చెప్పదు.

డేటాకు కరువు లేదు. పక్కన కూర్చోబెట్టి నేర్పేవాళ్లకే కరువు. మన డిగ్రీ కళాశాలల్లో స్టాటిస్టిక్స్ పాఠం సూత్రాల దగ్గరే ముగుస్తుంది, అసలు ఫైలు తెరవడం అరుదు. నేర్పాలనుకునే అధ్యాపకులకు ఒక అభ్యాసం చెబుతాను. వరంగల్ రూరల్ జిల్లా పట్టికలో అచ్చయిన ఏదో ఒక శాతాన్ని తీసుకుని, మైక్రోడేటా నుంచి పిల్లల చేత మళ్లీ రాబట్టించండి. మొదటిసారి చాలామందికి కలవదు. కలవనప్పుడు చూడాల్సినవి మూడు: వెయిట్ వేశారా, ఎవరిని లెక్కలోంచి తీసేయాలో తీసేశారా, జిల్లా కోడ్ సరైనదేనా. దశాంశం దాకా కలిశాక కెన్యా ఫైలు తెరవొచ్చు.