పండుగప్పలో లింగ పరివర్తన – తల్లి చేపల నిర్వహణలో దాని ప్రాధాన్యత

క్షీరదాలలో, పక్షులలో లింగం ఫలదీకరణ సమయంలోనే నిర్ణయమై జీవితాంతం స్థిరంగా ఉంటుంది. అయితే ఎముక చేపలలో కొన్ని జాతులు ఒక లింగంతో ప్రౌఢదశకు చేరి, తదుపరి రెండవ లింగంలోకి సహజంగా మారతాయి. ఆంధ్రప్రదేశ్ తీర ప్రాంతంలో సాగులో ఉన్న పండుగప్ప ఇందుకు చక్కని ఉదాహరణ.

పండుగప్ప మొదట మగచేపగా పక్వానికి వస్తుంది. సాధారణంగా 2 నుండి 3 కిలోల బరువు గల చేపలలో మగవి, 4 కిలోలు దాటిన వాటిలో ఆడవి అధికంగా కనిపిస్తాయి. దీనిని ప్రోటాండ్రీ అంటారు. ఇందుకు భిన్నంగా గ్రూపర్ జాతులు చాలావరకు మొదట ఆడవిగా ఉండి, పెద్దవైన పిదప మగవిగా మారతాయి. ఇది ప్రోటోగైనీ.

ఈ పరివర్తనను మెదడు, పీయూష గ్రంథి, బీజకోశాల మధ్య గల హార్మోన్ల వ్యవస్థ నడిపిస్తుంది. అరోమాటేజ్ అనే ఎంజైము టెస్టోస్టిరాన్‌ను ఎస్ట్రాడయోల్‌గా మారుస్తుంది. దీని చర్య పెరిగినపుడు వృషణ కణజాలం క్షీణించి, అండాశయ కణజాలం వృద్ధి చెందుతుంది. ప్రోటోగైనీ జాతులలో ఎస్ట్రాడయోల్ తగ్గి, పురుష హార్మోన్లు పెరుగుతాయి. వయస్సు, పరిమాణంతో పాటు గుంపులోని స్థానం కూడా ఈ మార్పును ప్రేరేపించవచ్చు. క్లౌన్ చేపల గుంపులో ఆడచేప మరణిస్తే, ప్రధాన మగచేప ఆడదిగా మారుతుంది.

ఈ మార్పు వలన ప్రయోజనమేమిటి? 1969లో గిసెలిన్ ప్రతిపాదించిన పరిమాణ ప్రయోజన సిద్ధాంతం దీనిని వివరిస్తుంది. చిన్న మగచేప సైతం తగినన్ని శుక్రకణాలను ఉత్పత్తి చేయగలదు. గుడ్ల సంఖ్య మాత్రం దేహ పరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. కనుక చిన్నపుడు మగగా, పెద్దయ్యాక ఆడగా ఉండే చేప ఎక్కువ సంతతిని పొందుతుంది. ఒక పెద్ద మగచేప పలు ఆడచేపలను అధీనంలో ఉంచుకొనే జాతులలో ఈ క్రమం తారుమారవుతుంది.

తిలాపియాలో పిల్ల దశలో హార్మోను మేతతో మగచేపలను పొందే పద్ధతి దీనికి భిన్నమైనది. అక్కడ బీజకోశం రూపొందక ముందే లింగాన్ని ప్రభావితం చేస్తారు. ప్రౌఢ చేప లింగం మారదు.

చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 1997లో పండుగప్ప ప్రేరిత ప్రజననాన్ని సాధించింది. హేచరీలలో ఒకే వయస్సు గల చిన్న చేపలనే తల్లి చేపలుగా ఎంచుకుంటే దాదాపు అన్నీ మగవే అవుతాయి. కావున వివిధ వయస్సుల, బరువుల చేపలను కలిపి పోషించాలి. ప్రతి ప్రజననానికి ముందు పొట్టను మృదువుగా నొక్కి వీర్యాన్ని, సన్నని గొట్టంతో గుడ్ల పక్వతను పరీక్షించి లింగాన్ని నిర్ధారించుకోవాలి. సహజ జలాలలో పెద్ద చేపలనే అధికంగా పట్టివేస్తే గుడ్లు పెట్టే ఆడచేపలే ముందుగా తరిగిపోతాయి. చేపల సంఖ్య తగినంతగా కనిపించినప్పటికీ పునరుత్పత్తి దెబ్బతింటుంది. ఈ అంశాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు మత్స్యకారులకు తప్పక వివరించాలి.