పట్టుదారం వెంట మూడు రోజుల సైకిల్ యాత్ర

బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్లే రైలెక్కితే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. హిందూపురం దాటిన రెండు గంటలలోపే ధర్మవరం చేరిపోతాం. హిందూపురమంటే చింతపండు, బెల్లం మార్కెట్టు. పెనుకొండ అంటే కోట, ఈమధ్య కార్ల ఫ్యాక్టరీ. ధర్మవరమంటే పట్టుచీర. మనకు గుర్తుండేది ఇంతే. ఈ మూడు ఊళ్లనూ కలిపి కట్టిన దారం ఒకటుంది. రైలు కిటికీలోంచి అది కనిపించదు, కారు అద్దంలోంచీ కనిపించదు. సైకిల్ మీద వెళ్తే కనిపిస్తుంది.

జపాన్‌లో పాత ఊళ్ల మీదుగా, పొలాల గట్ల పక్కగా గైడు వెంట సైకిల్ తొక్కుతూ నాలుగైదు రోజులు సెలవు గడపడం బాగా అలవాటైన పద్ధతి. అది ఎలా నడుస్తుంది? ఈ మూడు ఊళ్లూ ఉన్న మన శ్రీ సత్యసాయి జిల్లాలో అలాంటిది నడపాలంటే ఏమేం కావాలి? ఒక్కొక్కటే చూద్దాం.

ఇది పందెం కాదు

సైకిల్ యాత్ర అనగానే బిగుతు దుస్తులు, లక్షల ఖరీదు చేసే సైకిళ్లు, గంటకు ముప్పై కిలోమీటర్ల వేగం గుర్తొస్తాయి. గైడుతో చేసే యాత్ర తీరు వేరు. పదిమంది దాకా కలిసి బయలుదేరతారు. ముందు ఒక గైడు, అందరికన్నా వెనక మరొకరు ఉంటారు. వెనకుండే మనిషి పని ఒక్కటే, ఎవరూ తప్పిపోకుండా, ఒంటరిగా మిగిలిపోకుండా చూసుకోవడం. సంచులు, తాగునీళ్లు, పంక్చరు సామాన్లు, అదనపు ట్యూబులు వేసుకుని ఒక బండి వెంట వస్తుంది. ఎత్తు ఎక్కలేనివాళ్లు, అలసిపోయినవాళ్లు కాసేపు ఆ బండిలో కూర్చోవచ్చు. అందులో తలవంపులేమీ లేవు.

వేగం గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు. రోజుకు 30 నుంచి 50 కిలోమీటర్లు. రోజూ కాస్త నడిచే అలవాటున్న యాభై ఏళ్ల మనిషికి ఇది అందని దూరమేమీ కాదు. ఈ వేగంలో పక్క పొలంలో మాటలు వినిపిస్తాయి. ఎవరైనా చెయ్యెత్తి పిలిస్తే ఆగడానికి వీలుంటుంది. యాత్ర మొత్తానికి ప్రాణం ఆ ఆగడంలోనే ఉంది.

జపాన్ చేసిందేమిటి?

అక్కడ అందరికీ తెలిసిన సైకిల్ బాట షిమనామి కైదో. హిరోషిమా రాష్ట్రంలోని ఒనోమిచి నుంచి ఎహిమే రాష్ట్రంలోని ఇమబారి దాకా, ఆరు దీవుల మీదుగా సుమారు 70 కిలోమీటర్లు. 1999లో ఆ వంతెనల దారి పూర్తయింది. సైకిలు తొక్కేవాళ్లు దారి తప్పకుండా రోడ్డు అంచున నీలం గీత గీశారు. ఒక ఊళ్లో అద్దెకు తీసుకున్న సైకిల్‌ను దారిలోని మరో కేంద్రంలో ఇచ్చేయవచ్చు. 2019లో ఆ దేశం మూడు దారులను జాతీయ సైకిల్ మార్గాలుగా ప్రకటించింది. షిమనామితో పాటు బివా సరస్సు చుట్టూ ఉన్న బాట, పాత రైలుమార్గాన్ని కలుపుకుని సుకుబా కొండ, కసుమిగౌరా సరస్సు దగ్గర వేసిన బాట వాటిలో ఉన్నాయి.

ఇంకోటి చూడండి. ఒకప్పటి ఎదో నగరం నుంచి, అంటే ఇప్పటి టోక్యో నుంచి, క్యోటోకు కొండల గుండా వెళ్లిన పాత రాజమార్గం నకసెందో. దాని మీద 69 మజిలీలుండేవి. ఆ మజిలీల్లో ఒకటైన త్సుమగో ఊరివాళ్లు 1971లో తమకు తామే ఒక కట్టుబాటు రాసుకున్నారు. పాత ఇళ్లను అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం అన్నది దాని సారం. ఈరోజు ఆ వీధిలో అడుగుపెట్టినవాళ్లకు పాతకాలపు మజిలీ ఊరు కళ్లముందు నిలుస్తుందంటే ఆ మాట మీద ఊరు నిలబడబట్టే.

కొత్తగా పెద్ద ఆకర్షణలు కట్టి ఊరికి జనాన్ని రప్పించడం ఒక పద్ధతి. ఉన్న దారిని, ఉన్న ఊరిని, ఉన్న పనిని ఒక వరుసలో పేర్చి, వచ్చినవాళ్లకు ఓపికగా చెప్పడం ఇంకో పద్ధతి. సైకిల్ బాటలకు పనికొచ్చేది ఈ రెండోది. పేర్చడానికి కావలసినవన్నీ మన దగ్గర ఉన్నాయి.

మొదటి రోజు: హిందూపురం, లేపాక్షి

హిందూపురం చుట్టుపక్కల మల్బరీ తోటలు విస్తారం. ఊరి పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. పట్టుగూళ్ల మార్కెట్టుకు ఈ ఊరు పేరుపొందింది. యాత్ర ఒక పట్టుపురుగుల షెడ్డులో మొదలైతే బాగుంటుంది. లోపల దీపం లేకపోయినా, మాట లేకపోయినా, సన్నటి వాన కురుస్తున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. వేల పురుగులు ఒకేసారి ఆకు కొరుకుతున్న చప్పుడది. పురుగు పొర విడిచేముందు మేత మానేసి కదలకుండా ఉండే దశను రైతులు జ్వరం అంటారు. అలాంటి జ్వరాలు నాలుగు దాటి, సుమారు 25 రోజులకు పురుగు గూడు అల్లడం మొదలుపెడుతుంది. మంచి గూటి నుంచి తెగకుండా వచ్చే దారం వెయ్యి మీటర్ల దాకా ఉంటుంది.

జపాన్ ముచ్చట ఇక్కడ మళ్లీ వస్తుంది. మన పాత రకం పసుపు గూళ్ల కంటే పొడవైన, గట్టి దారమిచ్చే తెల్లగూళ్లను బైవోల్టైన్ అంటారు. ఈ రకాన్ని మన వాతావరణానికి అలవాటు చేసే పనిలో జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ జైకా 1991 నుంచి 2007 దాకా మన దేశంతో కలిసి పనిచేసింది. కర్ణాటక, తమిళనాడులతో పాటు ఆంధ్రప్రదేశ్ రైతులకూ ఆ సాగు అందింది. జపాన్ తన సొంత పట్టు చరిత్రను ఎంత పదిలంగా చూసుకుంటుందంటే, 1872లో మొదలైన తొమియోకా పట్టు మిల్లు 2014లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

షెడ్డు నుంచి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు. ఊళ్లోకి అడుగుపెట్టగానే ఒకే రాతిలో చెక్కిన నంది ఎదురవుతుంది. పొడవు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. వీరభద్రస్వామి ఆలయాన్ని 16వ శతాబ్దంలో, విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారు. 2022లో ఇది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. వచ్చినవాళ్లంతా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి వెళ్లిపోతారు. గైడు అవసరం తెలిసేది ఇక్కడే. తలెత్తి కప్పు మీది బొమ్మల్లో ఆడవాళ్ల చీరలు చూడమని చెప్పాలి. గళ్లు, చారలు, వెడల్పు అంచులు, ఒక్కోదానికి ఒక్కో తీరు. తర్వాత లతా మండపం స్తంభాల దగ్గర నిలబెట్టి ఆ తీగల చెక్కడాలను వేలితో గీసినట్టు చూపించాలి. ధర్మవరం చీరల అంచుల్లోకి ఇలాంటి నమూనాలు ఎక్కాయని నేతగాళ్లు చెబుతారు. ఆ మాట గుర్తుపెట్టుకుని ముందుకు సాగాలి.

రెండో రోజు: పెనుకొండ

లేపాక్షి చూసి తిరిగొచ్చాక, హిందూపురం నుంచి సోమందేపల్లి మీదుగా పెనుకొండ సుమారు 40 కిలోమీటర్లు. ఇది వానలు తక్కువ నేల. నంది కొండల్లో పుట్టిన పెన్న మన రాష్ట్రంలోకి హిందూపురం దగ్గరే అడుగుపెడుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇక్కడ ఏరంటే ఇసుకే. అందుకే పాత రాజులు ఊరూరా చెరువులు తవ్వించారు. ఈ ప్రాంతంలో కట్టమీద సైకిల్ తొక్కడమంటే అయిదారు వందల ఏళ్ల నీటి తెలివి మీద తొక్కడమే. దానికి కొత్త అధ్యాయం పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయరు. శ్రీశైలం వెనక నీళ్లను ఎత్తిపోసుకుంటూ వచ్చిన హంద్రీ-నీవా కాలువ ఇక్కడికి కృష్ణమ్మను తెచ్చింది.

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని హంపీ పాడుపడింది. తిరుమల దేవరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. గగన్ మహల్ ముందు నిలబడితే కింద కమానులు ఒక తీరు, పైన గోపురం మరో తీరు కనిపిస్తాయి. రెండు కట్టడపు భాషలు ఒకే గోడలో మాట్లాడుకుంటాయి. అదే ఊళ్లో పార్శ్వనాథుడి జైన ఆలయం, షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా, కోట లోపల పక్కపక్కనే రాముడి గుడి, శివుడి గుడి. కారు దిగి గంటలో చూసేస్తే ఇవన్నీ ఒక పట్టికలాగే మిగిలిపోతాయి. సైకిల్ మీద సందుల్లో తిరిగితే, ఒక చోటి నుంచి మరో చోటికి ఎన్ని అడుగుల దూరమో కాళ్లకు తెలుస్తుంది. ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని విశ్వాసాలు బతికాయన్న సంగతి అప్పుడు మనసుకెక్కుతుంది.

మూడో రోజు: ధర్మవరం

పెనుకొండ నుంచి ధర్మవరం సుమారు 45 కిలోమీటర్లు. ఓపిక ఉన్నవాళ్లు చుట్టుదారిన బుక్కపట్నం చెరువు చూసి వెళ్లవచ్చు. ఊరు చేరేసరికి వీధుల్లో మగ్గాల చప్పుడు ఎదురొస్తుంది. గుంట మగ్గంలో కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్న నేతగాడు తొక్కుడుబద్దను ఒక కాలితో నొక్కుతాడు, పడుగు రెండుగా విడిపోతుంది, పేక దారంతో నాడె ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోతుంది, పలక దాన్ని దగ్గరకు కొడుతుంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేస్తే చీర కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. అలా రోజుల తరబడి కూర్చుంటే ఒక చీర.

ఈ పనికి పవర్‌లూమ్ నకళ్లు పెద్ద దెబ్బ. కొన్ని రకాలను చేనేతకే ఉంచాలని 1985లో కేంద్రం చట్టం చేసింది. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపూ ఉంది. అయినా కొనేవాడికి తేడా తెలియకపోతే చట్టం ఒక్కటే నేతగాణ్ని కాపాడలేదు. మగ్గం పక్కన అరగంట కూర్చున్న మనిషికి ఆ తేడా జన్మలో మరుపు రాదు.

ఏమేం కావాలి?

మొదటిది కాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు వద్దు. ఉదయం ఆరుకు బయలుదేరి పదిన్నరకు ఆగిపోవాలి, మిగిలింది సాయంత్రం.

రెండోది దారి. 44వ నంబరు జాతీయ రహదారి లారీలది. దాన్ని దాటడానికే తప్ప దాని వెంట తొక్కకూడదు. పల్లె రోడ్లను ముందే తిరిగి చూసి, నీళ్లు దొరికే చోట్లు, నీడ ఉన్న చోట్లు గుర్తించి పెట్టుకోవాలి.

మూడోది గైడు, అన్నిటికన్నా ముఖ్యం. నేత తెలిసిన కుర్రవాడు, మల్బరీ రైతు కూతురు, కోట చరిత్ర చదివిన స్థానిక ఉపాధ్యాయుడు ఈ పనికి తగినవాళ్లు. తెలుగుతో పాటు కన్నడం వస్తే ఇంకా మేలు, బెంగళూరు నుంచి వచ్చేవాళ్లే ఎక్కువగా ఉంటారు కనుక.

నాలుగోది మర్యాద. నేతగాడి ఇల్లు ప్రదర్శనశాల కాదు. ముందే అడగాలి, వాళ్ల సమయానికి డబ్బివ్వాలి, ఫొటోకు అనుమతి తీసుకోవాలి. భోజనం దారిలోని ఇళ్లలో రాగిసంగటి, ఉలవచారు అయితే ఆ డబ్బు అక్కడే ఉంటుంది. చెట్టుకింద కూర్చున్న పెద్దాయన “ఎక్కడినుంచి వస్తున్నారప్పా?” అని పలకరిస్తే సైకిల్ దిగి జవాబు చెప్పాలి. ఆ పలకరింపు ఏ టిక్కెట్టులోనూ దొరకదు.

మూడో రోజు సాయంత్రం మగ్గం మీద చీర అంచు సగం నేసి ఉంటుంది. వంగి చూస్తే అందులో మెలి తిరిగిన ఒక తీగ. మొదటి రోజు లేపాక్షి రాతి మీద చూసిన తీగకు అది చెల్లెలు. దాని దారం హిందూపురం షెడ్డులో ఆకు కొరికిన పురుగుది. మధ్యలో పెనుకొండ కోట, ఎండిన పెన్న, చెరువుగట్లు, మన కాళ్ల నొప్పి. ఇంటికి తీసుకెళ్లే చీర ఇక ఒట్టి చీర కాదు, మనం తొక్కి వచ్చిన దారి.