కఱ్ఱవాసన ఎచ్చటికి పోవును?



వడ్రంగి బాడిశతో పచ్చివేప మొద్దును చెక్కునపుడు ఒక వాసన, టేకుపలకను చిత్రిక పట్టునపుడు వేఱొక వాసన, జామాయిలు ఆకును నలిపినపుడు మఱొక వాసన కలుగుట మీరందఱును ఎఱిగినదే. కన్నులు మూసికొని యిది ఫలానా కఱ్ఱ యని చెప్పగల పెద్దలు మన పల్లెలలో నేటికిని కలరు. అయితే ఆ వాసన యన నేమి? అది ఎట్లు పుట్టుచున్నది? ఎచ్చటికి పోవుచున్నది? పోయి యేమి చేయుచున్నది? ఈ సంగతులను విన్నవించుటయే నేటి నా ప్రసంగమున కుద్దేశము.

వాసన వట్టి గుణము గాదు, అది పదార్థమే. కర్పూరపు బిళ్ళను మూతలేని గిన్నెలో నుంచినచో కొన్ని దినములకు అరిగి అరిగి మాయమగును. దానిని ఎవరును తీసికొనిపోలేదు. అది నీరై కాఱిపోలేదు. ఆవిరియై గాలిలో కలిసినది. ఆ కర్పూరము తొలుత చెట్టునుండి తీసినదే. నేడు అంగళ్లలో దొరకు కర్పూరములో అధికభాగము పైను జాతి చెట్ల జిగురునుండి దిగిన టర్పెంటైను తైలముతో చేయబడుచున్నది. కర్పూరము, టర్పెంటైను, జామాయిలు నూనె, ఇవియన్నియు ఒకే కుటుంబమునకు చెందిన పదార్థములు. ఈ కుటుంబమునకు శాస్త్రజ్ఞులు టర్పీనులని పేరిడిరి. ముక్కునకు వాసన తగిలిన దనగా ఆ పదార్థపు అణువులు కొన్ని ముక్కులోనికి వచ్చి చేరిన వనియే అర్థము.

చెట్టు వీనిని ఊరక తయారుచేయదు. పురుగులను తఱుముటకు కొన్ని, గాయమును పూడ్చుటకు కొన్ని పనికివచ్చును. మఱికొన్ని ఎండవేడిమినుండి ఆకును కాపాడును. ఈ కడపటివానిలో ముఖ్యమైనది ఐసోప్రీన్. దీనిని చెట్టు దాచుకొనదు. సూర్యకాంతిలో ఆకు దానిని తయారుచేసి అప్పటికప్పుడే గాలిలోనికి వదలును. చీకటి పడగానే మానివేయును. ఎండ ముదిరిన కొలదిని ఎక్కువగా వదలును. భూమిమీది చెట్టుచేమ లన్నియు కలిసి ఏటేట సుమారు 50 కోట్ల టన్నుల ఐసోప్రీన్‌ను వదలుచున్నవని అంచనా. అన్ని చెట్లును ఒక్కతీరుగా వదలవు. జామాయిలు, వెదురు, ఆయిల్ పామ్ విస్తారముగా వదలును. కొన్ని బొత్తిగా వదలవు.

దూరమునుండి చూచినపుడు అడవికొండలు నీలముగా కనబడుట మనకు తెలియును. దానిలో కొంత గాలి స్వభావమే. కాని చెట్లు వదలిన టర్పీనులు గాలిలో మాఱి, అతిసూక్ష్మమైన కణములై, వెలుగును చెదరగొట్టుటయు ఈ నీలిమకు కారణమని ఫ్రిట్స్ వెంట్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1960వ సంవత్సరమున ప్రతిపాదించెను. అడవిలో నిది వేలయేండ్లుగా జరుగుచున్న వ్యాపారము. దానివలన అడవికి గాని, అడవిలోని మనుష్యులకు గాని చేటు కలిగినట్లు లేదు.

అట్లయిన నష్టమెక్కడ? ఇచ్చట ఒక పాతవివాదమును చెప్పవలసియున్నది. 1950 ప్రాంతమున అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరములో పట్టపగలు ఒకవిధమైన మబ్బు క్రమ్మి జనుల కన్నులు మండుచుండెను. హాగెన్-స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దాని గుట్టు విప్పెను. మోటారు బండ్ల పొగలోని నత్రజని ఆక్సైడులును, పెట్రోలువంటి ఆవిరులును ఎండలో కలిసికొన్నపుడు ఓజోను పుట్టుచున్నదని ఆయన తేల్చెను. ఈ ఓజోను ఆకాశమున ఎత్తుగా నున్నంతవఱకు సూర్యుని తీక్ష్ణకిరణములను అడ్డు గొడుగు. అదియే నేలమట్టమునకు వచ్చినచో ఊపిరితిత్తులను ఒఱయును, పైరుల ఆకులను మాడ్చును. చెట్ల ఆవిరులును ఆ పెట్రోలు ఆవిరివలెనే ఈ పనికి ఉపకరించునని తరువాత తెలిసినది. దానిని పట్టుకొని, 1980లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసిన రొనాల్డ్ రీగన్ వంటివారు గాలి చెడుటలో తప్పు చాలవఱకు చెట్లదే యని వాదింపసాగిరి.

ఈ వాదము సగము మాత్రమే చూచినది. రెండు చేతులు కలిసిననే గదా చప్పట్లు! చెట్టు ఆవిరి ఒక చేయి, ఇంజను పొగ రెండవ చేయి. మొదటిది లక్షల సంవత్సరములనుండి ఉన్నదే. క్రొత్తగా వచ్చినది రెండవది. 1988లో అట్లాంటా నగరమునుగూర్చి అమెరికా శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన ఈ సంగతిని స్పష్టపఱచినది. చెట్లు విస్తారముగా నున్న ఊరిలో పెట్రోలు ఆవిరులను మాత్రము తగ్గించి ప్రయోజనము లేదు. నత్రజని ఆక్సైడులను తగ్గింపవలయునని వారు నిరూపించిరి. నేను నివసించు నారాయణగూడలో వంతెనమీదను, వంతెన క్రిందను పగలంతయు బండ్లు బారులు తీరియుండును. ప్రక్కనే ఇండ్ల పెరళ్లలోను, బడుల ఆవరణలలోను చెట్లు నిలిచియున్నవి. వేసవి మధ్యాహ్నమున గాలి చెడినదని ఆ చెట్లను నఱికించువాడు, ఇంటిలో దొంగ పడెనని దీపమార్పుకొనువాని వంటివాడు. నీడ పోవును, వేడి హెచ్చును, పొగ మాత్రము అట్లే యుండును.

ఇది పట్టణముల గొడవ, మాకేమి యని మీరనుకొనవచ్చును. అశ్వారావుపేట మొదలుకొని పశ్చిమగోదావరి మెట్ట వఱకు నేడు ఆయిల్ పామ్ తోటలు వ్యాపించినవి. మలేషియాలోని బోర్నియో దీవియందు బ్రిటిషు శాస్త్రజ్ఞులు అడవిమీది గాలిని, ఆయిల్ పామ్ తోటలమీది గాలిని పోల్చిచూచి 2009లో ఫలితములను ప్రకటించిరి. తోటలనుండి అడవికంటె ఎక్కువ ఐసోప్రీన్ వెలువడుచుండెను. అయినను ఓజోను అపాయకరముగా హెచ్చలేదు. ఏలయన అచ్చటి గాలిలో నత్రజని ఆక్సైడులు ఇంకను స్వల్పముగనే యుండెను. అవి పెరిగినచో మాత్రము ఓజోను హానికరమైన మట్టమునకు పోవునని వారు హెచ్చరించిరి. ఈ ఆక్సైడులు బండ్లనుండి మాత్రమే రావు. అవసరమునకు మించి చల్లిన యూరియాలో కొంతభాగము నేలనుండి ఈ రూపమున గాలిలోనికి లేచును. గడ్డిని, చెత్తను పొలములో తగులబెట్టినను ఇవి పుట్టును. ఓజోను హెచ్చినచో గోధుమ, సోయా, వరి వంటి పైరుల దిగుబడి తగ్గును. రైతునకు తెగులు కనబడదు, పురుగు కనబడదు, గింజ మాత్రము తగ్గును. కావున యూరియాను కొలత మీఱకుండ వేయుట రూకలు మిగుల్చుకొనుట మాత్రమే గాదు, గాలిని కాపాడుకొనుటయు నగును.

ఇంతవఱకు నిలిచియున్న చెట్టును గుఱించి చెప్పితిని. ఇక కొట్టిన చెట్టు సంగతి. నారాయణగూడనుండి చిక్కడపల్లి మీదుగా ముషీరాబాదు, బోయిగూడల వైపు పోయినచో కలప అడితీలు, కోతమిల్లులు కనబడును. పచ్చిదుంగలో నీరు విస్తారముగా నుండును. దానిని ఆఱబెట్టునపుడు నీటితోబాటు కఱ్ఱలోని తైలముల ఆవిరియు వెలువడును. ఎండలో నెమ్మదిగా ఆఱినపుడు కొంచెము కొంచెముగా పోవును. పెద్ద కర్మాగారములలో వేడిగదులలో త్వరగా ఆఱబెట్టునపుడు ఆ ఆవిరి దట్టమగును. వేడి హెచ్చినచో కఱ్ఱయే విఱిగి మిథనాలు, ఫార్మాల్డిహైడు, ఎసిటిక్ ఆమ్లము అనునవి పుట్టును. ఎసిటిక్ ఆమ్లము మీరెఱిగిన వినిగరులోని పులుపే. పైను జాతి కలపలో ఈ తైలములు మెండు. మన టేకు, మద్ది వంటివానిలో తక్కువ. ప్లైవుడ్డు బల్లలనుండి వచ్చు ఘాటులో చాలభాగము చెట్టుది గాదు, అతికించిన జిగురుది. ఎవరి తప్పు వారికే చెందవలయును గదా!

కాగితపు మిల్లు వాసనయు నట్టిదే. 1938లో ఏర్పడి 1942లో పని ప్రారంభించిన సిర్పూరు మిల్లువలననే కాగజ్‌నగరమునకు ఆ పేరు వచ్చినది. కఱ్ఱలోని పోగులను పట్టియుంచు లిగ్నిన్ అను పదార్థమును తొలగించుటకు అనేక మిల్లులలో గంధకము చేరిన క్షారముతో వండుదురు. అప్పుడు లిగ్నిన్‌లోని ఒక భాగము గంధకముతో కలిసి దుర్వాసనగల మెర్కాప్టన్లగును. వంటగ్యాసు కారినపుడు మనకు తెలియవలెనని దానిలో కలుపు వాసన ఈ జాతిదే. ముక్కు దీనిని మిక్కిలి స్వల్పమాత్రలో కూడ పసికట్టును. మంచి మిల్లులలో ఈ ఆవిరులను గొట్టములలో పట్టి కొలిమిలో కాల్చివేయుదురు. పట్టుకొనగలిగినచో పొగయు ధనమే. భద్రావతిలోని మైసూరు ఇనుపకర్మాగారమున 1920ల దశకములోనే కట్టెలను మూసిన పాత్రలలో కాల్చి, బొగ్గుతోబాటు ఆ ఆవిరులనుండి మిథనాలు మొదలైనవానిని రాబట్టిరి.

కాని మన కోతమిల్లులలో పనివానికి ఆవిరికంటె పెద్దశత్రువు ధూళి. ఇంగ్లండులో కుర్చీలకు పేరుపొందిన హై వికం అను పట్టణమున, ముక్కులోపలి కుహరములో పుట్టు మిక్కిలి అరుదైన క్యాన్సరు వడ్రంగులకు తఱచుగా వచ్చుచున్నదని 1960ల దశకములో వైద్యులు గుర్తించిరి. ఆ పరిశోధనలు పెరిగి పెరిగి, కఱ్ఱధూళి మనుష్యులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో ప్రకటించినది. దీనికి చాలయేండ్ల ముందుగనే దగ్గు, ఉబ్బసము, చర్మపు దురద వచ్చును. టేకుధూళి తగిలి చేతులు దద్దురెక్కిన పనివారిని నేనెఱుగుదును. “ఇది చెట్టునుండి వచ్చినది గదా, ఏమి చేయును?” అని వారిలో ఒకడు నన్నడిగెను. ఉమ్మెత్తయు చెట్టునుండి వచ్చినదే యని చెప్పితిని.

పెద్దలారా, ఊరిలో మీ మాట చెల్లును గనుక కొన్ని మనవి చేయుచున్నాను. కోతమిల్లు బడికి దూరముగా నుండవలయును. రంపము దగ్గఱనే ధూళిని పీల్చుకొను గొట్టమును పెట్టింపుడు; గాలిలో ఎగిరినపిదప పట్టుట కష్టము. పొట్టును పొడిగా ఊడ్పింపక తడిపి ఎత్తింపుడు. ముక్కునకు కట్టిన తువాలు పెద్ద పొట్టునే గాని సన్నధూళిని ఆపదు; అందులకు తగిన ముసుగు కొనియిచ్చుట యజమాని విధి. మిగిలిన పొట్టును ఆరుబయట రాజబెట్టనీయకుడు. అది నిండుగా మండక దినమంతయు పొగను వదలును. పసివారిని ఆ గాలిలో పనికి పంపకుడు.

ఆరుబయట కొంచెముగా నున్నపుడు సువాసన. మూసినచోట కూడినపుడు, పొగతో చేరినపుడు రోగకారణము. భేదము చెట్టులో లేదు, మనము దానిని ఉంచిన చోటులోను, దానితో కలిపిన పదార్థములోను ఉన్నది. మీ ఊరి కోతమిల్లులో నేడు రంపము త్రిప్పుచున్న యువకుడు ఇరువదియేండ్ల తరువాత నెట్లు ఊపిరి పీల్చునో నేటి మీ మాటపై కొంత ఆధారపడియున్నదని విన్నవించి, సెలవు తీసికొనుచున్నాను.