చిన్న చుక్కే కదా అనుకోకండి!

పులుసు సరిగ్గా మరిగాకే స్టవ్ ఆపుతాం. ముందే ఆపితే పచ్చివాసన, మరిచిపోతే అడుగంటడం! ఇంగ్లీషులో ఫుల్‌స్టాప్ కూడా అంతే. చెప్పదలచుకున్న మాట పూర్తయిన చోటే పడాలి.

మొన్న మా పక్కింటావిడ బాబు టీచరుకి చీటీ రాసి, "కాస్త చూసిపెట్టండి" అంటూ తెచ్చారు. "మై సన్ డిడ్ నాట్ కమ్ ఎస్టర్‌డే వుయ్ వెంట్ టు హాస్పిటల్" అని ఉంది. చుక్కే లేదు! "ఎస్టర్‌డే" తర్వాత చుక్క పెడితే, బాబు నిన్న బడికి రాలేదని. దానికి ముందు పెడితే, నిన్న ఆస్పత్రికి వెళ్లామని. మరి బాబు ఏ రోజు మానాడో టీచరుకెలా తెలుస్తుంది చెప్పండి?

ఈ చుక్క ఈనాటిది కాదు. క్రీస్తుపూర్వం 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాధికారిగా ఉన్న అరిస్టోఫనీస్ అనే గ్రీకు పండితుడు, చదివేవారు ఎక్కడ ఎంత ఆగాలో తెలిసేలా మూడు రకాల చుక్కలు ఏర్పరిచాడు. వాక్యం ముగిసిందనడానికి చుక్కను అక్షరాల పైభాగాన పెట్టేవారట. ఇప్పుడది కిందికి దిగింది. అమెరికావాళ్లు దీన్నే పీరియడ్ అంటారు.

ఇవి గుర్తుంచుకోండి:

* విషయం చెప్పే వాక్యం చివర ఫుల్‌స్టాప్ పెట్టాలి. ప్రశ్నార్థకం ఉంటే మళ్లీ చుక్క అక్కర్లేదు.
* చుక్క తర్వాత కొంచెం ఖాళీ వదిలి, పెద్ద అక్షరంతో మొదలుపెట్టాలి.
* "డాక్టర్"ను రెండక్షరాల్లో రాసేటప్పుడు అమెరికావాళ్లు చుక్క పెడతారు, బ్రిటిష్‌వాళ్లు ఎక్కువగా వదిలేస్తారు. ఏది పాటించినా చివరిదాకా అదే పాటించండి.
* పొడి అక్షరాల చుక్కతోనే వాక్యం ముగిస్తే, ఆ ఒక్కటీ చాలు.

ఇంకో మాట. దూరాన ఉన్న అబ్బాయికి "ఓకే." అని మెసేజ్ పెడితే, "అమ్మా, కోపమా?" అని అడుగుతున్నాడా? ఆశ్చర్యపోకండి. 2015లో అమెరికాలోని బింగామ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు విద్యార్థులకు ఇలాంటి మెసేజ్‌లు చూపించారు. ఒక్కమాట జవాబు చివర చుక్క ఉంటే, అది మనస్ఫూర్తిగా అన్నట్టు లేదని వాళ్లకు అనిపించింది. చేత్తో రాసిన చీటీల్లో మాత్రం ఆ తేడా కనపడలేదు.

అందుకని పిల్లలకు మెసేజ్ పెట్టేటప్పుడు చుక్క లేకపోయినా ఫర్వాలేదు. టీచరుకో, బ్యాంకుకో రాసేటప్పుడు మాత్రం ఒకసారి పైకి చదువుకోండి. మాట ఎక్కడ పూర్తయిందో మీ చెవికే తెలుస్తుంది. అక్కడ ధైర్యంగా చుక్క పెట్టేయండి!